మా తాత మోసిన కృతజ్ఞత

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, మెడకు పట్టీ పెట్టుకుని ఇలా మంచం మీద ఒరిగానో లేదో, ఊరి నుంచి మా తమ్ముడు ఫోనుకు ఒక వీడియో పంపించాడు. మర్కూక్ దగ్గరి మా ఊళ్లో ఈ ఏటి కృతజ్ఞత పండుగ. ముందు ఒక డీజే బండి, దాని వెనుక రంగురంగుల బట్టలు వేసుకున్న పిల్లలు, వాళ్ల వెనుక తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలతో ఒక పెద్దమనిషి, ఆయన తలమీద బంతిపూలు చుట్టిన చిన్న గంప. ప్లాట్ల వ్యాపారం చేసే మనిషట. గంప ఎత్తుకునే భాగ్యం కోసం ఇప్పుడు గుడి దగ్గర వేలంపాట పెడుతున్నారట, పోటీ బాగా ఉంటుందట, ఈ ఏడు పాట ఆయనకు దక్కిందట. మా తమ్ముడు ఇదంతా రాసి చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. నా చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది.

నా ఈడు వాళ్లకు ఈ పండుగ గురించి చెప్పనక్కరలేదు గాని, పక్కన కూర్చుని చదివే మనవల కోసం చెబుతున్నాను. మా వైపు క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు. వానాకాలం పంట ఇంటికి చేరాక ఒక ఆదివారం చూసుకుని, ఎవరికి పండింది వాళ్లు, వడ్లో, మక్కలో, గుమ్మడికాయో, కాళ్లు కట్టిన కోడిపుంజో తెచ్చి గుడిలో పెట్టి దేవునికి వందనాలు చెప్పుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. మా ఊళ్లో మాత్రం అందులో ఇంకో కృతజ్ఞత కలిసింది. నిజాం రాజ్యం పోయి, మా ఊరి దొర గడీకి తాళం వేసుకుని పట్నం వెళ్లిపోయిన ఏడు, పంటలో మొదటి గింజ గడీకి పోకుండా మా వాడలోనే ఆగిన మొట్టమొదటి ఏడు, పెద్దలందరూ కూడి ఒక మాట అనుకున్నారట. ఇన్నాళ్లూ తొలి పంటను గంపకెత్తి గడీకి మోశాం, ఇక నుంచి అదే గంప గడీ వాకిట్లో నుంచి బయలుదేరి, వాడలో ప్రతి ఇంటి ముందూ ఆగి, గుడికి చేరాలి, మనకు స్వాతంత్ర్యం ఏ దారిన వచ్చిందో పిల్లలకు తెలియాలి అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. క్రైస్తవులే కాదు, పోచమ్మకు బోనం ఎత్తే ఇళ్లవాళ్లు కూడా ఆ గంపలో తమ వంతు వేసేవాళ్లు. ఇక ఆ గంప ఎవరు మోయాలన్నది వాళ్లకు పెద్ద ఆలోచన కాలేదు. మా తాత మోయాలన్నారు.

నాకు బుద్ధి తెలిసేసరికి అది పాత ఆచారం అయిపోయింది కనుక, మా ఇంటికి ఊరిచ్చిన పెద్ద మర్యాద అనుకునేదాన్ని. పండుగనాడు తెల్లవారగానే వాడలోని ఆడవాళ్లు కట్టెలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, ఆ కట్టెలతో మా తలుపును దబదబా బాదేవాళ్లు. మా తాత చెప్పులు లేకుండా, అంగీ లేకుండా, తలమీద చుట్టబట్ట పెట్టుకుని బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా గడీ వైపు నడిచేవాడు. అక్కడ ఖాళీ గంప ఆయన నెత్తికెత్తేవాళ్లు. ఆయన వాడలో ఒక్కో ఇంటి ముందు ఆగి, ఇంటి మనిషిని పేరు పెట్టి పిలవాలి, వాళ్లు వచ్చి తమ పంట గంపలో వేయాలి, ఇల్లిల్లూ గడిచేకొద్దీ గంప బరువెక్కాలి. నేను ఆయన వెంట కొత్త లంగా వేసుకుని, ఊరంతా మా తాతదే అన్నట్టు తల ఎత్తుకుని నడిచేదాన్ని. మా తాత పిలిస్తేనే మీ ఇంటివాళ్లు బయటికి వస్తారని బళ్లో తోటి పిల్లల మీద డాబు కొట్టేదాన్ని, వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వితే అసూయ అనుకునేదాన్ని. ఇంట్లో మాత్రం ఆ రోజు మా నానమ్మ పొయ్యి రాజేసేది కాదు. మేస్త్రీ పని చేసే మా బాపు, ఆదివారం పని ఉండదని తెలిసి కూడా తాపీ సంచీలో వేసుకుని పొద్దు పొడవకముందే గజ్వేల్ తోవ పట్టేవాడు. ఆయనకు భక్తి లేదని నేను ప్రార్థనలో దేవునికి ఫిర్యాదు చేసిన రోజులు కూడా ఉన్నాయి.

గుడికి ముందు చివరి ఇల్లు మా చిన్న నానమ్మది. ఆమె మా తాతకు సొంత తమ్ముని భార్య. ఆ తమ్ముడు నేను పుట్టకముందే పోయాడు, పిల్లలు లేరు, ఒక్కతే ఉండేది. మా ఇంటికి ఆమె రాదు, ఆమె ఇంటికి మేము పోము, ఎందుకని అడిగితే నానమ్మ నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి ఊరుకునేది. గంప ఆమె వాకిట్లోకి వచ్చేసరికి నిండిపోయి, మా తాత మెడ నరాలు తాళ్లలా పైకి తేలి ఉండేవి. అక్కడ ఆయన గొంతుక్కూర్చునేవాడు. ఆమె లోపలి నుంచి ఇసుర్రాయి పైరాయిని, అదే, పిండి విసిరేటప్పుడు పైన తిరిగే గుండ్రటి రాయిని, రెండు చేతులా ఎత్తుకుని వచ్చి ఆ గంప మీద పెట్టేది. ఆ బరువుతో ముసలాయన ఎలా లేస్తాడో చూడటానికి జనం ముందే వచ్చి జాగలు పట్టుకునేవాళ్లు. ఆయన లేచి నిలబడితే చప్పట్లు కొట్టేవాళ్లు, నేనూ కొట్టేదాన్ని. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, వడ్లు వేలం వేస్తే ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుపోయేవాళ్లు, చిన్న నానమ్మ తన రాయిని తాను ఎత్తుకుని ఇంటికి పోయేది, మళ్లీ ఏడాదికి తెచ్చేది. ఒకసారి కొత్తగా వచ్చిన అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, పండిన పంట తేవాలి గాని రాయి తెస్తే ఎలాగమ్మా అని ఆమెను మెత్తగా అడిగాడు.

“గడీల నాకు పండిన పంట గిదే అయ్యగారూ,” అన్నదామె. ఆయన మళ్లీ ఏ ఏడూ అడగలేదు.

నాకు పన్నెండో పదమూడో ఏడు నడుస్తుండగా మా తాత మంచం పట్టాడు. దగ్గితే నెత్తురు పడేది, కోతల దాకా ఉంటే గొప్పని వాడంతా అనుకునేది. ఉన్నాడు. పండుగ దగ్గర పడగానే గుడి పెద్దలు మా వాకిట్లో చాప మీద కూర్చుని, ఇక కొడుకు మోయాలని మా బాపుకు చెప్పారు. మా బాపు మోయనన్నాడు. వాళ్లు కోపపడలేదు, అరవలేదు, మా నానమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ చాలా నెమ్మదిగా, గంప మోయని ఇల్లు గుడిలో ఇల్లు కాదని, గుడిలో లేని ఇంటివాళ్లకు గుడి వెనుక బొందల జాగలోనూ జాగ ఉండదని, ఆ సంగతి మీ నాయన కన్ను మూయకముందే ఆలోచించుకొమ్మని చెప్పారు. లోపల మంచం మీద మా తాత అంతా వింటున్నాడు. బతికున్న మనిషి చెవిన పడేలా ఆయన బొంద గురించి అంత ఓపికగా మాట్లాడిన మనుషులను నేను మళ్లీ చూడలేదు. మాకు సొంతమని చెప్పుకోవడానికి జానెడు చెలక లేదు, ఎక్కడ పెట్టాలి ఆయన్ని? 

“గడీ పోయింది గని గంప పోలే,” అన్నాడు మా బాపు. తాపీ సంచీలో వేసుకుని గజ్వేల్ పోయాడు, పండుగ అయ్యేదాకా ఇంటి మొహం చూడలేదు.

ఇక్కడ నా తెలివి చూడండి. తాతకు జాగ దొరకదన్న భయం ఒకటి, మా ఇంటి మర్యాద ఇంకొకరి ఇంటికి పోతుందన్న ఏడుపు ఒకటి, రెండూ కలిసి నేను ఎవరికీ చెప్పకుండా గుడి పెద్దల దగ్గరికి పోయి గంప నేను మోస్తానన్నాను. వాళ్లలో ఒకాయన కొంచెం దయగలవాడు, ఆడపిల్ల, చిన్నది కదా అని నసిగాడు. మాకు వరసకు మామ అయ్యే ఇంకొకాయన తలకు చుట్టిన రుమాలు సవరించుకుని, “ఇల్లు మోయాలె. ఎవరి నెత్తి అయితేంది,” అన్నాడు. అంతటితో తీర్మానం అయిపోయింది. నేను ఉరుక్కుంటూ వచ్చి చెబితే మా నానమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తాత పడుకున్న మంచం వైపు ఒకసారి చూసి, తన పాత చీర చింపి, నా తలకు సరిపోయేలా చుట్టబట్ట మెత్తగా చుట్టడం మొదలుపెట్టింది. మొగునికి జాగ కావాలి మరి. ఆమె మీద నాకు కోపం రావడానికి చాలా ఏళ్లు పట్టింది, పోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

తెల్లవారింది. నేను తల దువ్వుకుని, తలుపు బార్లా తెరిచి, నవ్వుతూ గడప మీద నిలబడ్డాను. కట్టెలు పట్టుకున్న ఆడవాళ్లు నన్ను చూసి ఆగిపోయారు.  తరువాత ఎవరో ఒకామె తెరిచి ఉన్న తలుపునే కొట్టింది, ఆమె కొట్టాక అందరూ కొట్టారు.

గడీ వాకిట్లో గంప నెత్తికెత్తారు. ఊళ్లో పెద్దవాళ్లను నేను పేరు పెట్టి పిలవాలట, మామా, పెద్దవ్వా అని వరస పెట్టి పిలవకూడదట, మీ తాత ఎట్లా పిలిచేవాడో అట్లాగే పిలువు అన్నారు. నోరు తిరగకపోయినా పిలిచాను. మొదటి ఇళ్లవాళ్లు నన్ను చూసి పిడికెడు మక్కలో, ఒక ఆనపకాయో వేసి లోపలికి పోయారు. నడిమి వాడలో ఒక ముసలాయన నా పిలుపు విని కర్ర పట్టుకుని బయటికి వచ్చి, చెయ్యి చెవికి ఆనించుకుని ఇంకోసారి పిలవమన్నాడు. పిలిచాను. “గదే గొంతు,” అని, కొడుకుతో పెద్ద గుమ్మడికాయ తెప్పించి గంపలో పెట్టించాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. ఇంకో నాలుగు గడపలు దాటాక, నాతో బళ్లో ఒకే చాప మీద కూర్చునే పిల్ల ఇల్లు వచ్చింది. అది మక్క కంకుల కట్ట పట్టుకుని బయటికి వచ్చింది గాని నా మొహం చూసి వేయలేక నిలబడింది. వాళ్లమ్మ వెనుక నుంచి దాని మోచెయ్యి పట్టి ఎత్తింది. “ఎయ్యి. గీళ్ల తాతే మీ నానమ్మను జుట్టు వట్టి గడీకి గుంజుకపోయింది,” అంది.

అప్పుడు అర్థమైంది. ఆ తలుపు బాదడం, ఆ పిలుపులు, ఆ చప్పట్లు, నానమ్మ రాజేయని పొయ్యి, బాపు గజ్వేల్ తోవ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గంప దించి పారిపోదామనుకున్నాను. దించితే తాతను ఎక్కడ పెడతారు? ఏడుస్తూనే తరువాతి ఇంటి మనిషిని పేరు పెట్టి పిలిచాను, నా గొంతు వణికితే సరిగా వినబడలేదని మళ్లీ పిలిపించారు.

చిన్న నానమ్మ వాకిట్లో గొంతుక్కూర్చున్నాను. ఆమె రాయి ఎత్తుకుని బయటికి వచ్చి, నన్ను చూసి, రాయిని నేల మీద పెట్టింది. నా ప్రాణం లేచివచ్చింది. ఎంతైనా వరసకు ఆమె మనవరాలిని, నా మీద పెట్టదులే అనుకున్నాను. ఆమె వంగి, కొంగుతో నా మొహం మీది చెమటా, కన్నీళ్లూ, చీమిడీ తుడిచింది. పక్కకు జరిగిన చుట్టబట్టను నడినెత్తి మీదికి సర్దింది. సర్ది, రాయి ఎత్తి గంప మీద పెట్టింది.

“మెల్లగ లెవ్వు బిడ్డా, మెడ వడతది,” అంది, కన్నబిడ్డకు చెప్పినట్టు.

మొదట లేవలేకపోయాను. రాయి పడ్డాక గంపను, మోసేవాళ్లను ఎవరూ ముట్టుకోకూడదని ఆచారం, అందుకని చుట్టూ అంతమంది ఉండి ఎవరూ ముట్టుకోలేదు. ఆమె ఇంటి గోడ పట్టుకుని ఎలాగో లేచాను. జనం చప్పట్లు కొట్టారు. గుడి మెట్ల దగ్గర గంప దించేటప్పుడు రాయి జారి మెట్టు మీద పడి, అంచున ఒక పెచ్చు ఊడిపోయింది. చిన్న నానమ్మ ఆ పెచ్చును వెతికి ఏరి కొంగున ముడేసుకుంది. లోపల అయ్యగారు మోకరించి, మా మెడల మీది కాడిని విరగ్గొట్టి మమ్మల్ని దాస్యంలో నుంచి విడిపించిన తండ్రీ అని వందనాలు చెల్లిస్తుంటే అందరూ తలలు వంచి ఆమెన్ అన్నారు. నా తల వంగలేదు. మెడ పట్టేసింది, నిటారుగా అందరి నెత్తులూ చూస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం వెచ్చని ఆముదంతో నా మెడ రుద్దుతూ నానమ్మ అంతా చెప్పింది. మా తాత గడీలో మస్కూరి. అంటే, పొద్దున్నే కట్టె పట్టుకుని వాడంతా తిరిగి, ఈ రోజు దొరకు కూలి లేని వెట్టికి ఎవరెవరు రావాలో తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, రానివాళ్లను ఈడ్చుకుపోయే మనిషి. తన వాడ, తన కులం, తన చుట్టాలు, ఎవరినీ వదలలేదు. గడీలో పెళ్లికి పిండి విసరడానికి సొంత మరదలిని, మా చిన్న నానమ్మను, పిలుచుకుపోయాడు. చంటిదానికి జ్వరం, ఊయలలో వదిలి వచ్చింది. అది ఏడుస్తున్న సంగతి ఎవరో వచ్చి చెబితే, పాలిచ్చి ఉరికి వస్తానని ఆమె మా తాత కాళ్లు పట్టుకుంది. గడీ దర్వాజాకు అడ్డంగా నిలబడి, విసరడం అయ్యాక పొమ్మన్నాడు. విసిరింది. పాలు కారి రవిక తడిసిపోతుంటే విసిరింది. పొద్దు గూకి ఇంటికి పోయేసరికి ఊయలలో బిడ్డ చల్లబడి ఉంది. ఇదంతా చెప్పి నానమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, అది చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజు దొర గడీలో లేడు. పట్నం పోయాడు. వదిలిపెడితే అడిగేవాడు లేడు.

నేను తిన్నగా తాత మంచం దగ్గరికి పోయి, దొర లేడట కదా, ఎందుకు పోనియ్యలేదని అడిగాను. 

“దొర లేకున్నా ఉన్నట్టే ఉండేది బిడ్డా,” అన్నాడు. “ఇప్పటికీ గట్లనే ఉంటది.”

నాకు ఆయన మీద అసహ్యం వేసింది, జాలి వేసింది, రెండూ కలిసి అక్కడ నిలబడలేక వచ్చేశాను. అవే నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు. కొద్ది రోజులకే పోయాడు. గుడి పెద్దలు మాట తప్పలేదు, బొందల జాగలో వాన నీళ్లు నిలిచే మూలన చోటిచ్చారు, తవ్వుతుంటే ఊట వచ్చింది. పెట్టెను బురదలోకి దించుతుంటే అందరితోపాటు చిన్న నానమ్మా వచ్చి పిడికెడు మట్టి వేసి పోయింది.

మరి దొర సంగతి ఏమిటంటారా? అది కూడా వినండి. ఆ మరుసటి ఏడు పంద్రాగస్టుకు మా బడిలో జెండా ఎగరేయడానికి పట్నం నుంచి కారులో దొర కొడుకు వచ్చాడు. స్వాతంత్ర్యం గురించి చక్కగా మాట్లాడాడు, పిల్లలకు మిఠాయి పంచాడు. మా తలుపు బాదిన ఆడవాళ్లు ఆయనకు హారతిచ్చారు. ఎవరి నెత్తి అయితేంది అన్న మామ, రుమాలు తీసి చంకలో పెట్టుకుని, కారు కనుమరుగయ్యేదాకా వంగే నిలబడ్డాడు. చేతికి అందినవాణ్ని గంప కింద నిలబెట్టి, అందనివాడికి దండ వేశారు. నా వంతు మిఠాయి నేను తినలేదని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గాని, తిన్నాను, తియ్యగానే ఉంది.

ఆ తరువాత మా బాపు మమ్మల్ని గజ్వేల్‌కు తెచ్చేశాడు. నేను నర్సు చదువు చదివి, సిద్దిపేట దవాఖానలో పని చేసి, రిటైరై ఇక్కడే స్థిరపడ్డాను. ఆ రోజుల్లో చంకబిడ్డగా ఉన్న మా తమ్ముడు పెద్దయ్యాక ఊరికి తిరిగిపోయి వ్యవసాయం పెట్టుకున్నాడు, వాడికి ఇవేవీ తెలియవు, నేనూ చెప్పలేదు. మేము వచ్చేశాక కొన్నేళ్లు గంపను వంతులవారీగా మోశారట. పేరు పెట్టి పిలవడం మానేశారట, తలుపు బాదడం మానేశారట. చిన్న నానమ్మ పోయినప్పుడు ఆమె రాయిని ఎవరో తెచ్చి గుడి గోడకు ఆనించి పెట్టారట. గడీని కూలగొట్టి ప్లాట్లు చేశారు. తరువాత వచ్చిన అయ్యగార్లు గంప మోయడం గొప్ప సేవ అని ప్రసంగాల్లో చెప్పగా చెప్పగా, చివరికి అది నేను చిన్నప్పుడు అనుకున్నట్టే నిజంగా మర్యాద అయి కూర్చుంది.

ఇదంతా తలుచుకుంటూ ఆ వీడియో మళ్లీ పెట్టి చూశాను. గంపలో యాపిల్ పళ్లు, ద్రాక్ష గుత్తులు, తళుకు కాగితాలు. పెద్దమనిషి ఒక చేత్తో గంప పట్టుకుని, ఇంకో చెయ్యి అందరికీ ఊపుతున్నాడు. గుడి ముందు నేల కొంచెం వాలుగా ఉంటుంది. అక్కడ డీజే బండి ఆగగానే డ్రైవరు దిగి, గోడ పక్క నుంచి ఒక రాయి తెచ్చి వెనుక చక్రం కింద పెట్టాడు. గుండ్రటి రాయి, మధ్యలో బొక్క. ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూశాను. అంచున ఒకచోట పెచ్చు ఊడి ఉంది.

ఆ బరువు ఆ ఊరి మీద నుంచి దిగిపోవాలని నేను ఎన్నిసార్లు ప్రార్థన చేశానో దేవునికి తెలుసు. దిగిపోయింది. ఇప్పుడు ఎవరికీ పగ లేదు, ఎవరికీ సిగ్గు లేదు. మా తాత ఎవరో తెలియదు, ఊయలలో చల్లబడిన పసిదానికి పేరు పెట్టారో లేదో చెప్పేవాళ్లు లేరు. దేని నుంచి విడుదలయ్యారో తెలియకుండానే విడుదలకు వందనాలు చెప్పుకుంటున్నారు, ఎంత హాయిగా ఉన్నారో. మన తరం కోరుకున్నది ఇదే కావచ్చు, పిల్లలు అలా హాయిగా ఉండాలనే కావచ్చు. అయినా నేను ఊరుకోలేదు. తమ్ముడికి ఫోను చేసి, ఆ చక్రం కింది రాయిని నాకు సిద్దిపేట పంపించగలవా అని అడిగాను. ఇంట్లో మిక్సీ ఉండగా రాయి ఎందుకక్కా అని నవ్వాడు గాని, పోయి అడిగి సాయంత్రం మళ్లీ చేశాడు.

“వద్దంటున్నరక్కా. పండుగలకు, పెండ్లిళ్లకు బండి గాడనే ఆపుతరట. గది తీస్తే బండి జారుతదంట.”

సరే, ఉండనీ అన్నాను. ఇన్నేళ్లకు ఆ రాయికి మనిషి మెడతో అవసరం లేని పని దొరికింది.